దేవుడికి వార్తలు చెప్పే అన్నగారు

మొన్న మధ్యాహ్నం పార్సిప్పనీ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి తెలుగు చర్చిలో యూత్ పనులు చూసే అమ్మాయి. ఇక్కడే అమెరికాలో పుట్టిన పిల్ల, నన్నెప్పుడూ చూసి ఉండదు.

"ఆంటీ, గుంటూర్ అంకుల్ పాస్ అవే అయ్యాడు. స్లీప్‌లో పోయాడు, పెయిన్ ఏమీ లేదు. ఫ్యూనరల్‌లో ఓల్డ్ ఫ్రెండ్ ఎవరైనా ప్రేయర్ చేయాలి. మీరు చేస్తారా? టూ మినిట్స్ ఉంది."

"రెండు నిమిషాలేనా అమ్మా?"

"షెడ్యూల్ టైట్ ఆంటీ."

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆయన గొంతు సవరించుకోవడానికే రెండు నిమిషాలు పట్టేది. ఆ అమ్మాయికి అది చెప్పినా అర్థం కాదని సరేనన్నాను. అప్పటినుంచీ, పార్సిప్పనీ వదిలాక స్థిరపడ్డ ఈ మోరిస్‌విల్ ఇంట్లో ఏ పని చేస్తున్నా ఆయనే కళ్ళ ముందు మెదులుతున్నాడు.

ఆయన పేరు నాకు తెలుసు గానీ రాయను. మా అందరి పేర్లూ, మా అత్తల పేర్లూ, మా కార్ల పేర్లూ దేవుడికి వినిపించిన మనిషి తన పేరు మాత్రం ఒక్కసారీ చెప్పుకోలేదు. తనను గురించి చెప్పవలసి వస్తే "ఈ పురుగు" అనేవాడు. మేం పెద్దవాళ్ళం అన్నగారు అనేవాళ్ళం. పిల్లలకు గుంటూరు అంకుల్.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులు. పెట్రోలు కోసం కార్లు వీధి చివరిదాకా బారులు తీరి నిలబడేవి. పార్సిప్పనీలో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో ఐదు తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఉండేవాళ్ళం. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, బందరు వైపు వాళ్ళు, గోదావరి బ్రదరన్ వాళ్ళు, తెనాలి నుంచి మేము. మన దగ్గరైతే ఒకరి గుడిలో ఇంకొకరు కాలు పెట్టేవాళ్ళం కాదు. ఇక్కడ వేరే దిక్కు లేక ఐకమత్యం కుదిరింది. ఆదివారం పొద్దున ఎవరికి వారు అమెరికన్ చర్చికి వెళ్ళి, గంట కొట్టినట్టు గంటలో ముగిసే ఆరాధన చూసి వచ్చేవాళ్ళం. అసలు ఆరాధన శనివారం సాయంత్రం ఎవరో ఒకరి హాల్లో, కార్పెట్ మీద దుప్పట్లు పరుచుకుని జరిగేది. దాన్ని కూడిక అనేవాళ్ళం. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత కోడికూర.

అన్నగారు గుంటూరులో కుట్టించుకున్న బ్రౌన్ సూటులో వచ్చేవాడు. చేతిలో పెద్ద కూల్‌డ్రింకు సీసా. తలుపు తీస్తే మన మొహం చూడడు. గడప పక్కన విప్పిన చెప్పుల వైపు చూస్తూ "వందనాలమ్మా" అంటాడు. "బాగున్నారా అన్నగారూ?" అంటే చెప్పులకే తల ఊపుతాడు. కాఫీ తాగుతారా అంటే ఏ సంగతీ తేల్చడు. మనిషితో సూటిగా ఒక్క ముక్క మాట్లాడలేని మనిషి ఆయన. కప్పు చేతికిచ్చాక కళ్ళు మూసుకుని కృతజ్ఞత చెల్లించేటప్పుడు మాత్రం నోరు తెరుచుకునేది.

"తండ్రీ, ఈ కాఫీ కలిపిన హస్తములను ఆశీర్వదించుము. ఇకమీదట చక్కెర ఒక చెంచా తగ్గించునట్లు వాటిని నడిపించుము."

ఆయన మనతో చెప్పదలచుకున్నవన్నీ దేవుడికి చెప్పేవాడు. మనం పక్కన కూర్చుని వినాలి. భార్య నర్సు, శనివారాలు డ్యూటీ పడేది. ఆమెను మేము ఎక్కువగా ఆయన ప్రార్థనల్లోనే చూశాం. ఆమె నడుము నొప్పి, ఆమె సూపర్‌వైజరు బుద్ధి, ఆమె దాచుకున్న మామిడికాయ పచ్చడి ఆయన దొంగతనంగా తినడం, అన్నీ మాకు తెలుసు.

కూడికలో ఆఖరి ప్రార్థన ఆయనదే. "నీకు తెలియనిది కాదు గాని తండ్రీ, చెప్పుకొనుచున్నాను" అని మొదలుపెట్టేవాడు. ఇక వారం వార్తలు. బందరు వాళ్ళ కారు ట్రాన్స్‌మిషన్ పోయిన సంగతి. గోదావరి తమ్ముడి గ్రీన్‌కార్డు ఏ ఆఫీసులో ఏ బల్ల మీద ఆగిందో ఆ సంగతి. ఎవరి అత్తగారు ఎప్పుడు దిగుతోందో, దిగితే కోడలికి ఎంత ఓర్పు కావాలో, ఆ లెక్క కూడా. ఎవరికి నెల తప్పిందో ఒక్కోసారి మొగుడికంటే ముందు దేవుడికి తెలిసిపోయేది. మేం కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళం. ఎవరి వంతు వస్తే వాళ్ళు తల ఇంకాస్త వంచేవాళ్ళు.

ఒకసారి ఆయన అమెరికన్ చర్చి నుంచి సరాసరి మా ఇంటికి వచ్చాడు. బాగా కలత పడి ఉన్నాడు. ఏమైందో చెప్పలేక సోఫాలో అటూ ఇటూ కదులుతుంటే మా ఆయనే "ప్రార్థన చేసుకుందామా అన్నగారూ" అన్నాడు. అప్పుడు బయటపడింది. అక్కడ పాస్టరు ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని అడిగితే ఒక ముసలావిడ చెయ్యెత్తి "అన్‌స్పోకెన్" అందట. అంటే చెప్పని మనవి. పాస్టరు తల ఊపి రాసుకున్నాడట. ఆమె వెనక ఇంకొకాయన కూడా అదే అన్నాడట.

"చెప్పని మనవి ఏమిటి తండ్రీ? పోస్టులో ఖాళీ కవరు వేసినట్టు! ఆ ముసలితల్లి నోరు తెరువుము. పక్కన కూర్చున్న వారి చెవులు తెరువుము" అని ఆయన మా హాల్లో కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

మేం ఆయన వెళ్ళాక నవ్వుకున్నాం. ఆ ముసలావిడ ఎవరో మాకు తెలియదు, ఆయనకూ తెలియదు.

ఆయనకు ఒక్కడే స్నేహితుడు, ఒంగోలు ఆయన. అన్నగారికంటే ఏడెనిమిదేళ్ళు చిన్నవాడు, మంచి గొంతు, హార్మోనియం వాయించేవాడు. ఆయన పాట ఎత్తుకుంటే తప్ప మా కూడిక మొదలయ్యేది కాదు. అన్నగారు ప్రార్థన చేస్తే తప్ప ముగిసేది కాదు. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవాళ్ళు. అన్నగారి కారులోనే వెళ్ళేవాళ్ళు. దారిలో ఆఫీసు ఉన్న మా ఆయన వెనక సీట్లో కూర్చునేవాడు.

ఒంగోలు ఆయనకూ కారు ఉంది. పార్కింగ్ లాటులో కవరు కప్పుకుని పడి ఉండేది. "లైసెన్సు వచ్చేసింది, పెట్రోలు దొరకడంలేదని బయటికి తీయడంలేదు" అని భార్యకు చెప్పాడు. దేశమంతా పెట్రోలు కోసం కొట్టుకుంటున్న సమయం కాబట్టి ఆమె నమ్మింది. ఒక శనివారం అన్నగారు ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు.

"నీకు తెలియనిది కాదు గాని తండ్రీ, చెప్పుకొనుచున్నాను. మా తమ్ముడు డ్రైవింగ్ టెస్టులో మూడవసారి కూడా పడిపోయెను. రెండు కార్ల నడుమ వెనుకకు పోవుట ఆయనకు సాధ్యపడలేదు. నీ చేయి ఆ స్టీరింగు మీద ఉంచుము."

ఒంగోలు ఆయన భార్య కళ్ళు తెరిచింది. "ఏవండీ, లైసెన్సు వచ్చిందన్నారుగా?"

అన్నగారు కళ్ళు తెరవలేదు. "ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఆయనకు ధైర్యమును దయచేయుము" అని అదే ఊపులో బందరు వాళ్ళ ట్రాన్స్‌మిషన్‌లోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఒంగోలు ఆయన అన్నగారితో మాటలు మానేశాడు. కానీ మానేసి ఎక్కడికి పోతాడు? లైసెన్సు లేదు, పొద్దున్నే అదే కారెక్కాలి. ఆ ప్రయాణాల సంగతి మా ఆయన సాయంత్రం వచ్చి చెబుతుంటే నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. ఒంగోలు ఆయన ముందు సీట్లో కూర్చోగానే కళ్ళు మూసుకునేవాడట.

"ప్రభువా, రేపు నాకు ముందుగా మీటింగ్ ఉన్నది. కారు నడుపువారు ఆరున్నరకే వచ్చునట్లు ప్రేరేపించుము."

అన్నగారు స్టీరింగు పట్టుకుని, కళ్ళు తెరిచే ఉంచి జవాబిచ్చేవాడట. "తండ్రీ, ఆరున్నరకు వచ్చెదను. అయితే కారెక్కువారు బయట నిలబడి ఉండునట్లు కృప చూపుము. హారన్ కొట్టిన యెడల కింది ఫ్లాటు దొరసాని తిట్టును."

"కళ్ళు తెరిచి చేస్తే ప్రార్థన అవుతుందా?" అని నేనడిగాను.

"హైవే మీద కళ్ళు మూసుకుంటే ప్రార్థన దేనికి, నేరుగా ఆయన దగ్గరికే పోతాం" అన్నాడు మా ఆయన.

నవ్వుకోవడం అక్కడితో ఆగిపోయింది. ఒక శనివారం ఒంగోలు వాళ్ళింట్లో కూడిక. నేను వంటింట్లో అన్నం వారుస్తున్నాను. హాల్లో ఒంగోలు ఆయన ముందుగానే ప్రార్థన అందుకున్నాడు. దేవుడి మహిమ, ఐగుప్తు, ఎడారి అన్నీ చెప్పి, చివర్లో "ఒకరి సంగతి ఒకరు బయటపెట్టకుండునట్లు, మా కూడికలో ఆఖరి ప్రార్థన ఇకమీదట మౌనముగా జరుగునట్లు సహాయము చేయుము" అన్నాడు. ప్రార్థన ముగిస్తే ఆమేన్ అనడం మాకు తుమ్మితే చిరంజీవ అన్నంత అలవాటు. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నగారే అన్నాడు. అన్నాక గానీ దేనికి ఒప్పుకున్నాడో ఆయనకు తెలియలేదు. వంటింటి గుమ్మంలోంచి చూశాను. ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"వద్దని చెప్పండి అన్నగారూ" అని మా ఆయన అన్నగారి చెవిలో అన్నాడట. ఆయన నేల చూపు చూస్తూ "ఆమేన్ అన్నాను కదా" అన్నాడట. ఆయన లెక్కలో ఆమేన్ అంటే సంతకం.

ఆ తర్వాతి శనివారం మౌనంగా ప్రార్థన చేద్దామని కూర్చున్నాం. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి ముక్కులోంచి కుక్కరు కూతకు ముందు వచ్చేలాంటి చప్పుడు మొదలైంది. పిల్లలు కిసకిస నవ్వారు. ఆయన లేచి, సీసా తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆ వారం నుంచి మేం ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆయన వంటింట్లో నిలబడి గ్లాసుల్లో కూల్‌డ్రింకు పోసేవాడు. ఐదు కుటుంబాలకు ఎంత పోస్తాడు? గ్లాసులోంచి గ్లాసులోకి వంపుకుంటూ ఉండేవాడు. రావడం మాత్రం మానలేదు. శనివారం ఆయనకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. మాట్లాడడానికి ఇంకో దారీ లేదు.

మొదట హాయిగానే ఉండింది. కూడిక పెందరాళే అయిపోయేది, కోడికూర వేడిగా ఉండేది. "ఎలా ఉన్నారు?" అంటే "ప్రభువు కృప" అనేవాళ్ళం. "మీరు?" "అంతా కృప." ఇంకేం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు. గోదావరి వాళ్ళు వరసగా రెండు వారాలు రాలేదు. పిల్లలకు జలుబేమో అనుకున్నాం. మూడో వారం నేను వెళ్ళి తలుపు తడితే ఎవరో కొరియన్ ఆయన తీశాడు. తర్వాత తెలిసింది: గోదావరి తమ్ముడికి ఎప్పుడో ఉద్యోగం పోయిందట, ఎక్కడో దూరాన షామ్‌బర్గ్‌లో చుట్టం ఉంటే సామాను ట్రక్కులో వేసుకుని వెళ్ళిపోయారట. అంతా కృప అంటూ మా పక్కనే కూర్చుని, కోడికూర తిని, చేతులు కడుక్కుని వెళ్ళినవాళ్ళు.

ఒంగోలు ఆయన టెస్టు పాసయ్యాడు. అదీ ఎవరికీ తెలియలేదు. పంతం కొద్దీ తనంతట తాను చెప్పడు. లైసెన్సు కార్డు తీసి వాళ్ళ హాల్లో బల్ల మీద బైబిలు పక్కన పడేశాడు, ఎవరైనా చూసి అడుగుతారని. మేమెవరమూ చూడలేదు. ఎవరికి ఏం జరిగిందో ప్రార్థనలో విని తెలుసుకునే అలవాటు పడినవాళ్ళం, కళ్ళతో చూడడం ఎప్పుడు నేర్చుకున్నాం గనక? కార్డు బల్ల మీద అలాగే ఉండిపోయింది. చిత్రమేమిటంటే, లైసెన్సు వచ్చాక కూడా ఆయన పొద్దున్నే బయట నిలబడి అన్నగారి కారే ఎక్కేవాడు. ఇప్పుడు దారిలో ప్రార్థనలు కూడా లేవని మా ఆయన చెప్పాడు.

ఆ నెలల్లోనే నా కడుపు పోయింది. నాలుగో నెల. మొదటిది. హాస్పిటల్ నుంచి వచ్చి, ఒకరోజు పడుకుని, ఆ శనివారం కూడికకు వెళ్ళాను. "ఎలా ఉన్నావు?" అంది ఒంగోలు ఆయన భార్య. "ప్రభువు కృప" అన్నాను. ఆమె నా మొహం చూసింది, నేను గ్లాసు వైపు చూశాను. తెనాలిలో ఉన్న మా అమ్మకు ఉత్తరం రాయబోతే చెయ్యి ఆడలేదు. మా ఆయన బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేవాడు. నేను ఆయన ఆఫీసుకు వెళ్ళాక ఏడ్చేదాన్ని. మేమిద్దరం కూడా ఒకరికొకరం చెప్పుకోలేదు. చెప్పాలని ఉండేది. ఎవరికైనా, ఎలాగైనా.

మళ్ళీ ఒంగోలు వాళ్ళింట్లో కూడిక వచ్చింది. హాల్లో అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. లేచి వంటింట్లోకి వెళ్ళాను. అన్నగారు గ్లాసులు వరసగా పేర్చి నిలబడి ఉన్నాడు. నేనేమీ అనకముందే ఒక గ్లాసు నా వైపు జరిపాడు.

"అన్నగారూ, నా బిడ్డ పోయింది, నాలుగో నెల" అన్నాను.

ఆయన చేతిలో సీసా, చూపు నా కాళ్ళ మీద.

"ఎవరికీ చెప్పలేదు. నాకు నోరు రావడంలేదు. మీరు దేవుడికి చెప్పండి. అందరూ వినేట్టు చెప్పండి."

"నేను ఆమేన్ అన్నానమ్మా" అన్నాడు, సింకుకి చెబుతున్నట్టుగా.

"నేను అనలేదు. ఆ రోజు నేను ఇక్కడ అన్నం వారుస్తున్నాను."

ఆయన ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. అందులో న్యాయం ఉందని తోచినట్టుంది. సీసా చేతిలో పట్టుకునే హాల్లోకి నడిచాడు. కూర్చోలేదు. గుమ్మం ముందే నిలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"తండ్రీ, ఈ చెల్లెలి బిడ్డ పోయినది. నాలుగు నెలలు మోసినది. ఇంతమంది అక్కలు చెల్లెళ్ళు పక్కనుండగా ఒక్కతే ఏడ్చినది. ఆమె భర్త వెనక సీట్లో కూర్చుని ఎందుకు మాట్లాడుట లేదో ఈ పురుగుకు ఇప్పుడు అర్థమైనది. వారిని పట్టుకొనుము. మా చేతులతో పట్టుకొనుము. రేపటి నుండి ఈమె పొయ్యి ముట్టించకుండునట్లు చేయుము. ఆదివారము బందరు అక్క పప్పుచారు పంపును. సోమవారము ఒంగోలు మరదలు పంపును, కారము తగ్గించును. మంగళవారము నేను వండెదను, దానిని తినుటకు వారికి శక్తినిమ్ము."

ఎవరో ఏడుస్తూ నవ్వారు. ఎవరిదో చెయ్యి నా వీపు మీదికి వచ్చింది. ఇంకొకరు నా తల తన భుజానికి ఆనించుకున్నారు. నేను గట్టిగా ఏడ్చాను. మా ఆయన ఏడవడం ఆ హాల్లోనే మొదటిసారి చూశాను. నాకు సిగ్గనిపించలేదు. ఆ రోజు అన్నగారు చెప్పి ఉండకపోతే మేమిద్దరం ఆ అపార్ట్‌మెంట్‌లో ఏమైపోయేవాళ్ళమో నాకు తెలియదు.

అన్నగారు ఆగలేదు. ఎన్ని వారాల సరుకో లోపల ఉంది. గోదావరి తమ్ముణ్ణి షామ్‌బర్గ్‌లో వెతికి పట్టుకోమన్నాడు. బందరు వాళ్ళ కొత్త ట్రాన్స్‌మిషన్ కూడా చప్పుడు చేస్తున్నదన్నాడు. మా ఆయన ఆఫీసు వెనక సిగరెట్లు తాగుతున్నాడన్నాడు, దుఃఖము వలన తాగుచున్నాడు గనుక ఇప్పుడే అడగవద్దని నన్ను ప్రేరేపించమన్నాడు. భార్య నడుము, పచ్చడి జాడీ వచ్చాయి. చేతిలో సీసా మూత సగం ఊడి సుయ్‌మంటోంది. వంటింట్లో కోడికూర చల్లారిపోయింది.

"ఇంకను తండ్రీ, మా తమ్ముడు రెండు కార్ల నడుమ వెనుకకు పోయెను. ఏ కారునూ తాకలేదు. ఆ కార్డు బల్ల మీద ఉన్నది. ప్రతి పర్యాయము గ్లాసులు తెచ్చినప్పుడు చూచితిని. ఫోటోలో బాగున్నాడు. లైసెన్సు వచ్చిన తరువాత కూడా నా కారెక్కుచున్నాడు. నేను సంతోషించితిని. చెప్పుటకు నాకు..."

అక్కడ ఆగిపోయాడు. మేం కళ్ళు తెరిచి చూశాం. ఆయన కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. ఒంగోలు ఆయన హార్మోనియం పక్కకు తోసి లేచి నిలబడ్డాడు.

"అన్నా" అన్నాడు. మా అందరి ముందే, నేరుగా ఆయనతోనే.

"ప్రభువా, తమ్ముడు నాతో మాట్లాడుచున్నాడు..."

"ప్రభువుతో కాదన్నా. నాతో చెప్పు. నా మొహం చూసి చెప్పు."

అన్నగారు ఒక కన్ను తెరిచాడు. రెండోది కూడా తెరిచాడు. అంత ఎదురుగా మనిషి మొహం చూడడం అలవాటు లేక రెప్పలు టపటపలాడించాడు.

"ఆకలేస్తోందిరా" అన్నాడు.

ఒంగోలు ఆయన సీసా అందుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, దుప్పటి మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆడవాళ్ళు నన్ను లేవనివ్వలేదు. చల్లారిన కోడికూరే వడ్డించారు. అందరం తిన్నాం.